వల కళ్ళు

పగలంతా మాల్పికా రేవు గట్టు మీద
చిన్న పీట వేసుకుని కూర్చుంటాను.
చినిగిన వల ఒళ్ళో, చెక్క సూది చేతిలో.
ఒక కన్ను అల్లి, ముడి వేసి, మరో కన్ను.
వేళ్ళకి తెలిసిన లెక్క నోటికి రాదు.

రాత్రి నేను కళ్ళు మూస్తానా,
వల కళ్ళు తెరుచుకుంటాయి.
ఆకుపచ్చ నైలాను, వెనక నల్లటి నీళ్ళు,
వరసకి నూట ఇరవై,
అన్నీ నావైపే చూస్తూ.

ఇది నా ఒక్కదాని జబ్బు కాదు.
పక్క పీట మీది సెలెదోనియాకి
దుంపలు తవ్విన రోజు దుంపలే వస్తాయట కలలోకి.
పెళ్ళివారింట అంట్లు తోమిన రాత్రి
పళ్ళేలు, పళ్ళేలు, ఇంకా పళ్ళేలు.
"ఒళ్ళు నిద్రపోతుందే డొరిందా, చేతులు పోవు."

మా అత్తగారి పద్ధతి వేరు.
దీపం ఆర్పాక పడవ పేరు ఎత్తకూడదు.
ఎత్తితే వింటుంది.
ఏది వింటుందని అడిగితే
దిండు తిరగేసి అటు పడుకునేది.

అమారో ఐర్లాండు పడమటి నీళ్ళకి వేటకెళ్ళిన
ఇరవై రెండు రాత్రులూ
నేను బుద్ధిగా పడుకుంటాను.
నిద్రకి ముందు మనసులోకి
ఏ తడి సరుకూ రానివ్వను.
ఉల్లిపాయల ధర. కోడిపెట్ట కుంటడం.
పై ఇంటి పిల్లకి కొన్న కొత్త సైకిలు.
రొట్టె పిండి మీద గుడ్డ కప్పానా లేదా.
పప్పులో రాళ్ళేరినట్టు
ఒక్కో తలపునీ చేత్తో తడిమి లోపలికి పంపుతాను.

కానీ కలకి
చల్లకొచ్చి ముంత దాచే అలవాటు.
ఉల్లిపాయలే వస్తాయి, నిజమే,
వలలో వస్తాయి.
కుంటికోడి పడవ అంచు మీద నడుస్తుంది
ఒరిగిన వైపు ఒరుగుతూ.
సైకిలు పిల్ల
చక్రం సగం మునిగినా ఆగదు.
గుడ్డ తీసి చూస్తే పిండి లేదు,
గిన్నె అంచు దాకా ఉబ్బిన నీళ్ళు,
ఊపిరి తీస్తూ.
నేను ముందు గుమ్మం కాపలా కాస్తే
అది పెరటి దారిన వచ్చి
నా వంటింటి గిన్నెల్లోనే వండుతుంది.

నెలాఖరుకి అమారో ఇంటికొచ్చాడు.
డీజిలు వాసన, నాలుగు దుప్పట్ల నిద్ర.
అర్ధరాత్రి లేచి కూర్చుని
మంచం కోడు పట్టుకుని
"తాడు వదులు, తాడు వదులు" అన్నాడు.
పొద్దున్న కాఫీ దగ్గర అడిగాను,
అక్కడ, నీళ్ళ మీద, ఏం కలలొస్తాయని.
సిగ్గుపడ్డాడు.
"పడుకునేముందు మన క్యాబేజీ మడి తలుచుకుంటా.
ఏ సాలు దాకా వచ్చానో గుర్తు పెట్టుకుంటా.
ఇక తెల్లవార్లూ కలుపు తీయడమే.
గొంగళిపురుగులతో సహా కనిపిస్తుంది."

ఆ మడి జులైలోనే ఎండిపోయింది.
నేను చెప్పలేదు.

నవంబరులో మళ్ళీ వెళ్ళాడు.
రేడియోలో గాలి అంకె తొమ్మిది దాటిన రాత్రి
నాకు ఏరుకోవడానికి ఉల్లిపాయలు మిగల్లేదు.
దీపం ఆర్పి,
గది గోడలు వినేలా అన్నాను:
సాన్ ఎలోయ్.
నీలం పట్టీ, తుప్పెక్కిన లంగరు,
ఎడమ పక్కన నేను అల్లిన వల,
పదకొండు మంది, వాళ్ళ బూట్ల సైజులు,
అతని చెవి వెనక మచ్చ.
పడవ మొత్తాన్ని పలక పలకా
మంచం మీదికి లాక్కున్నాను.
ఏం వస్తావో రా అన్నాను.

ఏమీ రాలేదు.
తలుపులు బార్లా తీసిన ఇంటికి
దొంగకేం పని?
కలలో మధ్యాహ్నం. ఎండ.
ఒళ్ళో వల లేదు.
సూది ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను,
తొందరేమీ లేకుండా.

తెల్లవారింది. గాలి తగ్గలేదు,
కబురూ లేదు.
సెలెదోనియా దగ్గర రెండు కట్టల నారు అడిగి తెచ్చి
ఆ వానలోనే
క్యాబేజీ మడి మళ్ళీ నాటాను.
రాత్రి అతను కలుపు తీయడానికి వస్తే
కాలి కింద
ఏదో ఒకటి పచ్చగా ఉండాలి కదా.